కాగితమునకు కాలము కావలెను

ఫాక్సు యంత్రము టెలిఫోనుకు చెల్లెలని పలువురు తలంతురు. నిజమునకు అది అక్కగారు. గ్రాహంబెల్ టెలిఫోనుకు పేటెంటు పొందినది 1876లో. వ్రాతను తంతిపై పంపు సాధనమునకు స్కాట్లండు వాసి అలెగ్జాండర్ బెయిన్ పేటెంటు పొందినది 1843లో. ఆయన గడియారములు చేయువాడు. ఈ సంగతిని మనము గుర్తుంచుకొనవలెను. ఏలయన ఫాక్సు చరిత్ర మొదటినుండి నేటివరకు కాలమును సరిపెట్టుకొనుట అను ఒక్క చిక్కు చుట్టును తిరిగినది.

బెయిన్ ఊహ సులభమైనదే. తంతికి ఈ కొనను ఒక లోలకము, ఆ కొనను ఒక లోలకము. మొదటిది లోహపు అక్షరములను తాకుచు ఊగును. తాకినపుడెల్ల తంతిలో విద్యుత్తు ప్రవహించి, రెండవ కొనను రసాయనము పూసిన కాగితముపై గుర్తు పెట్టును. రెండు లోలకములును ఒక్క లయతో ఊగినంతసేపు అక్షరము అక్షరముగనే వచ్చును. లయ తప్పెనా, గీతలు చెదరి వ్రాత వికృతమగును. 1851లో లండను మహాప్రదర్శనమున ఫ్రెడరిక్ బేక్‌వెల్ చూపిన యంత్రమునకును ఇదే బాధ. ఇటలీ దేశీయుడగు జియోవన్ని కసెల్లి దీనిని చాలవరకు జయించెను. ఆయన పాంటెలిగ్రాఫు 1865లో పారిస్, లియోన్ నగరముల నడుమ ప్రజల వాడుకకు వచ్చెను. బ్యాంకులవారు సంతకములను సరిచూచుకొనుటకు దానిని ఉపయోగించిరి.

నూరేండ్లు గడచినవి. 1966లో అమెరికాలోని జెరాక్సు కంపెనీ మామూలు టెలిఫోను ద్వారా కాగితమును పంపు యంత్రమును అమ్మకమునకు తెచ్చెను. ఒక్క పుటకు ఆరు నిమిషములు పట్టెడిది. 1980లో వచ్చిన 'గ్రూపు 3' అను అంతర్జాతీయ ప్రమాణము దానిని సుమారు ఒక నిమిషమునకు తగ్గించెను. ఇందు పుటను అడ్డగీతలుగా విభజించి, ఒక్కొక్క గీతను 1728 చుక్కలుగా చదువుదురు. చుక్క నల్లనిదా, తెల్లనిదా అనునదే ప్రశ్న. లిపి యేదైనను యంత్రమునకు ఒక్కటే. వేలకొలది అక్షరములు గల జపానులో ఫాక్సు ఇంటింట వ్యాపించుటకు ఇది ముఖ్య కారణము.

ఆ చుక్కలను యంత్రము ధ్వనులుగా మార్చి టెలిఫోనులో వినిపించును. పాత టెలిఫోను పద్ధతిలో సంభాషణ ముగియువరకు ఒక దారి ప్రత్యేకముగా కేటాయింపబడెడిది. కావున ధ్వనులు లయ తప్పక చేరెడివి. ఇంటర్నెట్ టెలిఫోను ఈ ఏర్పాటును మార్చివేసెను. ఇందు ధ్వనిని, తరచుగా సెకనులో యాబదవ వంతు చొప్పున, తునకలు చేసి, చిన్న పొట్లములుగా కట్టి పంపుదురు. కొన్ని ఆలస్యముగా వచ్చును. కొన్ని రానే రావు. మనుష్యుల మాటలో ఒక తునక పోయినను చెవి పూరించుకొనును. ఫాక్సు యంత్రమునకు ఆ ఓర్పు లేదు. పైగా, సెకనుకు 64,000 సంకేతములు పట్టు మాటను 8,000 సంకేతములకు కుదించు పద్ధతులు వచ్చినవి. ఇవి మానవ కంఠస్వరమునకు కొలిచి కుట్టిన చొక్కాలు, యంత్రధ్వనికి పట్టవు.

దీనికి 1998లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము టి.38 అను విధానమును నిర్ణయించెను. ధ్వనిని మోయుట మాని, ధ్వనిలోని సమాచారమును మోయుటయే దీని కిటుకు. ఈవలి ద్వారయంత్రము ఫాక్సు ధ్వనిని విని చుక్కల లెక్కగా మార్చును; ఆవలి ద్వారయంత్రము ఆ లెక్కనుండి ధ్వనిని మరల పుట్టించును. ప్రతి పొట్లములోను వెనుకటి పొట్లముల నకళ్లను చేర్చి పంపవచ్చును గనుక, ఒకటి పోయినను పని చెడదు.

ఇది పనిచేయవలెనన్న రెండు కొనలును, నడుమనున్న సేవాసంస్థయు టి.38కు అంగీకరింపవలెను. లేనిచో కుదింపులేని జి.711 పద్ధతిని ఎన్నుకొని, నిశ్శబ్దమును విడిచిపెట్టు ఏర్పాటును తీసివేసి, పొట్లములు వేచియుండు కాలమును స్థిరపరచి, వేగమును సెకనుకు 9,600 సంకేతములకు తగ్గించుట మేలు.

ఇంత శ్రమ ఎందుకని అడుగవచ్చును. 2018 డిసెంబరులో ఇంగ్లండు ప్రభుత్వము తన ఆరోగ్యసేవలో క్రొత్త ఫాక్సు యంత్రములను కొనరాదనియు, 2020 మార్చి 31 నాటికి పాతవానిని విడువవలెననియు ఆజ్ఞాపించెను. కాని అమెరికాలో వైద్యుల కాగితములు నేటికిని ఫాక్సులో తిరుగుచునే యున్నవి. దోషములను దిద్దు ఏర్పాటు లేనపుడు, కొద్ది గీతలు చెడినను యంత్రము 'పుట అందినది' అని బదులు చెప్పగలదు. ఆ చెడిన గీతలలో మందు మోతాదు అంకె యుండవచ్చును. కావున తంతి మార్చి ఇంటర్నెట్ పెట్టించుకొను వైద్యశాల, మొదట ఒక పరీక్షాపుటను పంపి, ఆవలివారిచే దానిలోని అంకెలను ఒక్కొక్కటిగా చదివించుకొనవలెనని మా మనవి.