గేదెలు విడిచిన మడుగు



పశువు నోరు తగలని బీడులో పోనుపోను ఏదో ఒక మొండి గడ్డి మిగతా వాటినన్నిటిని తొక్కి తానే పెరగడం మీరు చూచే ఉంటారు. ఇది మనకు చిన్న సంగతి. కాని ఈ చిన్న సంగతిని లెక్కలోకి తీసుకోనందువల్ల ఉత్తరదేశంలో ఒక గొప్ప మడుగు చాలా నష్టపోయింది. ఆ చరిత్ర చెబుతాను, వినండి.

రాజస్థాన్‌లో భరతపురం పట్టణాన్ని ఆనుకొని కేవలదేవ్ అనే పల్లపు నేల ఉన్నది. దాని విస్తీర్ణం సుమారు 29 చదరపు కిలోమీటర్లు. ఇది పూర్తిగా ప్రకృతి చేసిన మడుగు కాదు. 18వ శతాబ్దంలో మహారాజా సూరజ్ మల్ అక్కడ అజాన్ కట్ట వేయించాడు. తరువాతి రాజులు కాలువలు తవ్వించి, తూములు పెట్టించి, బాతుల వేటకు అనువుగా నీరు నిలిపారు. 1938లో వైస్రాయి లిన్‌లిత్‌గో వేటకు వచ్చినప్పుడు ఒక్క రోజులో 4,273 పక్షులను కూల్చినట్టు అక్కడి రాతి మీద చెక్కి ఉన్నది. 1956లో ఆ చోటు పక్షుల రక్షిత స్థలమయింది.

రాజులు మారినా, చట్టాలు మారినా, చుట్టుపక్కల ఊళ్ళ గేదెలు మాత్రం తరతరాలుగా ఆ మడుగులో దిగి మేస్తూనే వచ్చినవి. 1982లో ఆ చోటును జాతీయవనం చేశారు. జాతీయవనంలో పశువుల మేత కూడదని చట్టం. ఆ ఏడు నవంబరులో గేదెలను రానివ్వకుండా ఆపారు. పాడి మీద బతికే జనం తిరగబడ్డారు. పోలీసు కాల్పులు జరిగి, కొందరు గ్రామస్థుల ప్రాణాలు పోయినవి. మేత మాత్రం ఆగిపోయింది.

ఇక పక్షులు పెరగాలి గదా? అట్లా జరగలేదు. పాస్పలం అనే నీటిగడ్డి ఒకటున్నది. అది కణుపు కణుపునా వేరు దించుకుంటూ నీటి మీద చాప పరచినట్టు అల్లుకుంటుంది. అంతవరకు గేదెలు దానిని మేసి, తొక్కి, అదుపులో ఉంచేవి. అవి వెళ్ళిపోగానే గడ్డి తెరిపినీటిని కప్పేసింది. అడుగున పెరిగే నాచుకు, మొక్కలకు వెలుతురు అందలేదు. చేపలు తగ్గినవి. బాతులు వాలి ఈదడానికి నీరు కనబడలేదు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వారు 1980 నుంచి దాదాపు పదేళ్ళు అక్కడ పరిశీలన జరిపారు. మేత ఆపడం మడుగుకూ, నీటిపక్షులకూ మేలు చేయలేదని, కీడే చేసిందని వారు తేల్చారు. తరువాత గడ్డిని యంత్రాలతో తీయించవలసి వచ్చింది. ఊరివారిని లోపలికి రానిచ్చి కోసుకోనివ్వవలసి వచ్చింది.

దీనిలోని కీలకం ఏమిటి? 1978లో జోసెఫ్ కానెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు, ఉష్ణదేశపు అడవులనూ పగడపు దిబ్బలనూ చూచి ఒక మాట చెప్పాడు. అలజడి బొత్తిగా లేకపోతే బలమైన జాతి ఒకటి మిగతా వాటిని తరిమేస్తుంది. అలజడి మరీ ఎక్కువైతే తట్టుకోగలిగినవి నాలుగే మిగులుతవి. మధ్యస్థంగా ఉన్నప్పుడే ఎక్కువ జాతులు కలిసి బతుకుతవి. ఈ సూత్రం అన్నిచోట్లా సరిపడదని తరువాతి పరిశీలనల్లో తేలింది. అయినా భరతపురం గడ్డి విషయంలో బాగానే అతుకుతుంది.

ఎక్కువైతే ఏమవుతుందో మన కొల్లేరే చెబుతుంది. 20వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో సరస్సులో చేపల చెరువులు అడ్డదిడ్డంగా లేచినవి. కట్టలు నీటి నడకకు అడ్డం వచ్చి, పక్షులు దిగే తెరిపినీరు కుంచించుకుపోయింది. 1999లో కొల్లేరును వన్యప్రాణి రక్షిత స్థలంగా ప్రకటించారు. 2006లో ప్రభుత్వం చాలా కట్టలు తెగగొట్టించింది. దానివల్ల బతుకుతెరువు పోయినవారి గోడు వేరే కథ. ఒకచోట అలజడిని బొత్తిగా ఆపి నష్టపోయారు. ఇంకొకచోట హద్దు లేకుండా పెంచి నష్టపోయారు.

కాబట్టి మీ ఊరి చెరువునో, పోరంబోకునో బాగుచేయబోయే ముందు రెండు పనులు చేయండి. మొదటిది: అక్కడ ఇంతవరకు ఎవరి పశువులు, ఏ నెలల్లో, ఎన్ని మేసినవో పెద్దలనడిగి రాసుకోండి. రెండవది: మేత ఆపవలసి వస్తే ముందు ఒక మూల కంచె వేసి, రెండు మూడేళ్ళు లోపలా బయటా ఏ గడ్డి, ఏ పక్షి, ఏ చేప ఉన్నదో పోల్చి చూడండి. అప్పుడు నిర్ణయం చేయండి. విస్తరణ కార్యకర్తలకు ప్రత్యేకంగా ఒక మనవి: మేపేవాణ్ణి ముందే పిలిచి అడగండి. భరతపురంలో ఆ పని ముందుగా జరిగి ఉంటే, ప్రాణాలూ దక్కేవి, మడుగూ దక్కేది.