అచ్చులతికే వేళ్ళు

లేపాక్షి వీరభద్రాలయానికి వెళ్ళినవాళ్ళకి గైడులు తప్పకుండా చూపించేవి కొన్నున్నాయి. నేలకి ఆనీ ఆనకుండా నిలబడ్డ స్తంభం, పడగలు విప్పిన నాగలింగం, గోడ మీద రెండు ఎర్రటి మరకలు. ఆ మరకలు విరూపణ్ణ కళ్ళవని చెప్తారు. అచ్యుతరాయల కాలంలో పెనుకొండ కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ ఖజానా సొమ్ముతో గుడి కట్టించాడని, రాజు కళ్ళు పీకించమన్నాడని, ఆ శిక్ష ఎవరో అమలు చేసేలోపే తన కళ్ళు తానే పెరికి గోడకేసి కొట్టాడని కథ. ఊరి పేరుకూ ఇలాంటి కథే ఉంది. రెక్కలు తెగి పడిపోయిన జటాయువుని రాముడు ‘లే పక్షీ’ అన్న చోటు ఇదేనంటారు.

ఒకే ఊళ్ళో రెండు గాయపడ్డ శరీరాల కథలు. రెండూ త్యాగం కథలే, రెండూ మగవాళ్ళ కథలే. రెండూ గాయం దగ్గరే ఆగిపోతాయి. కళ్ళు పోయిన తర్వాత విరూపణ్ణ ఎలా బతికాడు, ఎవరు చెయ్యి పట్టుకుని నడిపించారు, ఎవరు అన్నం కలిపి పెట్టారు అన్నది కథకి అక్కర్లేదు. వైకల్యం కథల్లో ఒక ఘట్టంగానే వస్తుంది, రోజువారీ జీవితంగా రాదు.

అదే గుడిలో తలెత్తి చూస్తే పైకప్పు నిండా బట్టలు. పార్వతీ పరిణయం, కిరాతార్జునీయం బొమ్మల్లో ఆడవాళ్ళు కట్టుకున్న చీరల గళ్ళు, చారలు, అంచులు చూస్తూ ఎంతసేపైనా నిలబడిపోవచ్చు. లతా మంటపం స్తంభాల మీద ఒకదానితో ఒకటి పోలని తీగల నమూనాలు. ధర్మవరం పట్టుచీరల అంచుల్లోకి, కొంగుల్లోకి వచ్చిన తీగలూ హంసలూ ఇక్కడివేనని నేసేవాళ్ళూ చెప్తారు, అమ్మేవాళ్ళూ చెప్తారు. చిత్రకారుల పేర్లు మనకి తెలియవు, అయినా ‘లేపాక్షి శైలి’ అని గౌరవంగా ఒక పేరు పెట్టుకున్నాం. ఆ చీరల వెనక నూలు వడికిన, పడుగు పోసిన, పోగులు అతికిన చేతులకి ఏ శైలి పేరూ లేదు.

నా పిహెచ్.డి. తెలుగు సాహిత్యంలో వృత్తి జీవితాల మీద. చేనేత మీద వచ్చిన కథలూ కవితలూ చదువుతున్నంతకాలం నాకు ఒకే బొమ్మ కనిపించేది. గుంట మగ్గంలో కాళ్ళు దింపుకుని కూర్చున్న మగ నేతగాడు, అతని ఆకలి, అతని అప్పు. పక్కన కండెలు చుట్టే భార్య ఉంటుంది గానీ ఆమెది ‘సాయం’. పని అతనిది. ఆ గదిలోనే మూలన కూర్చుని చిక్కు పడ్డ పోగు విడదీసే కాలు చచ్చిన చెల్లెలు, చూపు తగ్గిన అత్త, మాట రాని బావమరిది ఎవరి రచనలోనూ నా కంటబడలేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య తిరగడం మొదలుపెట్టాక మాత్రం వాళ్ళు లేని నేత ఇల్లు నాకు తక్కువగా కనిపించింది.

ఇప్పుడు ‘వికలాంగులకు నేత’ అనగానే మనకి తోచేది ఒక సంస్థ, ఒక శిక్షణ గది, ప్రారంభోత్సవం ఫోటో. ఈ ప్రాంతంలో చరిత్ర అలా మొదలవలేదు. నేత ఇల్లు ఎవర్నీ బయటికి పంపలేదు. పంపే స్తోమత దానికి లేదు. పట్టు పోగుని దారపు చిలపల నించి రాట్నం మీదికి ఎక్కించాలి, పేక కోసం కండెలు చుట్టాలి, పడుగు పోయాలి, రంగులు అద్దిన నూలు ఆరబెట్టాలి, అన్నిటికన్నా ఓపిక పట్టే పని, అయిపోయిన పడుగు చివర్లకి కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా అతకాలి. వేల పోగులు. బూడిద అద్దుకున్న వేళ్ళ మధ్య పాత పోగు, కొత్త పోగు కలిపి ఒక్క పురి తిప్పడం, వదలడం, మళ్ళీ ఇంకోటి. దీనికి నడవక్కర్లేదు. చూపు కూడా అంతగా అక్కర్లేదు, వేళ్ళకి తెలిస్తే చాలు.

కానీ మగ్గం ఎక్కాలంటే రెండు కాళ్ళు కావాలి. గుంటలో తొక్కుడు చెక్కలు మనిషి కాళ్ళ కోసమే ఉన్నాయి. పోలియో వచ్చిన పిల్ల అక్కడే ఆగిపోతుంది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో పోలియో రహితమని ప్రకటించారు. అయితే అంతకు ముందు పోలియో సోకిన పిల్లలు ఇప్పుడు నడివయసులో ఉన్నారు. ధర్మవరంలో నేను మాట్లాడిన ఒకామె వాళ్ళలో ఒకరు. నలభై దాటింది. పదేళ్ళ వయసు నించి అచ్చులతుకుతోంది.

“నేస్తావా అని ఎవురూ అడగల్యా మేడం. కాళ్ళు రావు గదా, ఇది చెయ్యి అన్రి. చేస్తాండా,” అంది.

కూలీ ఎంత అని అడిగితే ముందు నవ్వింది. “ఇంట్లో పనికి కూలీ యాడిదక్కా?” మేడం నించి అక్క అయినందుకు నాకు సంతోషం వేసింది గానీ ఆ ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోయింది. పక్కింటివాళ్ళ పడుగు అతికితే డబ్బులిస్తారట. అన్న మగ్గానికి అతికితే ఇవ్వరు. వాళ్ళింట్లో ఆమెకి చోటు ఉంది, పళ్ళెంలో అన్నం ఉంది, పెళ్ళి మాటే లేదు. ఈ ఏర్పాటుని ఏమనాలి? కలుపుకోవడం అనాలా, వాడుకోవడం అనాలా? స్త్రీల ఇంటి చాకిరీ గురించి మనం ఇన్నేళ్ళుగా రాస్తున్న వాదమే ఇక్కడా పనికొస్తుంది, ఒక్క తేడాతో. భార్య చేసే పనిని శ్రమ కాదన్నారు. ఈమె చేసే పనిని శ్రమ కాదనడమే కాకుండా దాన్ని ఇంటివాళ్ళు ఆమె మీద చూపిన దయగా లెక్క కట్టారు.

ఇంకో వైపు నించి కూడా చూడాలి. నేత వికలాంగుల్ని ఇముడ్చుకోవడమే కాదు, తయారు చేస్తుంది కూడా. ఏళ్ళ తరబడి గుంటలో కూర్చున్న నడుములు, మోకాళ్ళు, సన్న జరీ మీద నిలిపిన కళ్ళు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్ పెద్దది, పేరున్నది. ఆ గూళ్ళని వేడినీళ్ళలో ఉడికించి దారం తీసే రీలింగ్ పనిలో ఆడవాళ్ళ వేళ్ళ చర్మం ఏమవుతుందో దగ్గర్నించి చూస్తే పట్టు అనే మాట మెత్తదనం పోతుంది. తెలంగాణలో ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆసు పోసి పోసి భుజం ఎత్తలేని స్థితికి వచ్చింది. ఒక్క చీరకి చెయ్యి తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ ఆడించాలి. ఆ నొప్పి చూసి ఆయన 1999లో ‘లక్ష్మీ ఆసు’ యంత్రం తయారు చేశాడు. 2017లో పద్మశ్రీ, 2019లో సినిమా. మంచిదే. కానీ ఆ యంత్రం కథని మనం ఆవిష్కర్త కథగానే చెప్పుకుంటున్నాం. తెలుగునాట చేనేత ఆడవాళ్ళ శరీరాల మీద పని చేసిన గాయాన్ని అంత స్పష్టంగా లెక్కపెట్టి చూపించిన సందర్భం ఇంకోటి నాకు తెలీదు. ఆ లెక్కకి మూలం లక్ష్మి భుజం.

లెక్కల సంగతి వచ్చింది కాబట్టి జనాభా లెక్కల చరిత్ర కొంచెం చెప్పాలి. వలస ప్రభుత్వం 1872 నించి 1931 దాకా ప్రతి లెక్కలోనూ ‘వైకల్యాలు’ అని ఒక పట్టిక పెట్టింది. పిచ్చివాళ్ళు, చెవిటి మూగలు, గుడ్డివాళ్ళు, కుష్ఠు రోగులు. వృత్తులకి వేరే పట్టిక. తర్వాత చాలాకాలం లెక్కే లేదు. అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం సందర్భంగా 1981లో ఒకసారి అడిగారు, 1991లో మళ్ళీ మానేశారు. 2001లో, 2011లో అడిగారు. 2011 ప్రకారం దేశంలో 2.68 కోట్లమంది, అందులో స్త్రీలు 1.18 కోట్లు. పురుషుల కన్నా దాదాపు ముప్ఫై లక్షలు తక్కువ. ఆడవాళ్ళకి వైకల్యాలు తక్కువ వస్తాయా? నేను నమ్మను. పెళ్ళి కావలసిన కూతురు గురించి ఇంటి మగవాడు గుమ్మంలో నిలబడి గణకుడికి ఏం చెప్తాడో ఊహించడం కష్టం కాదు.

అటు 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద నేతవాళ్ళు 26.73 లక్షలు, అనుబంధ పనివాళ్ళు 8.48 లక్షలు అని తేల్చారు. నేతవాళ్ళలో 72 శాతం స్త్రీలు. ఈ అంకెలో ఈశాన్య రాష్ట్రాల బరువు ఎక్కువ, అది చూసి ధర్మవరంలో మగ్గాలన్నీ ఆడవాళ్ళవే అనుకోకూడదు. మా ప్రాంతంలో ఆడవాళ్ళ పని ‘అనుబంధం’ అనే మాట కింద ఉంటుంది. అదైనా లెక్కకి వస్తే.

అనంతపురం జిల్లాకి 1969లో వచ్చిన విన్సెంట్ ఫెర్రర్, ఆన్ ఫెర్రర్‌లు మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి సంస్థ ఊరూరా వికలాంగుల సంఘాలు కట్టించింది. వికలాంగ స్త్రీలకి హస్తకళల పనిశాలలు నడిపింది. జనపనార సంచులు, కాగితం బొమ్మలు, కుట్టుపని. వాటిని స్పెయిన్‌లో అమ్మేవాళ్ళు. ఇంట్లోంచి బయటికొచ్చి పదిమంది ఆడపిల్లల మధ్య కూర్చుని, చేసిన పనికి తన పేరు మీద డబ్బు తీసుకోవడం ఎంత పెద్ద మార్పో నేను తక్కువ చేసి చెప్పను. ఒకటి మాత్రం గమనించాను. పట్టునేత ఊళ్ళకి ఇంత దగ్గరగా ఉండి కూడా అక్కడ చేసేది పట్టు కాదు. పట్టుకి పెట్టుబడి కావాలి, దాని నైపుణ్యం తొగట, పద్మశాలి, దేవాంగ కుటుంబాల్లో తరాలుగా ఉంది. పనిశాలకొచ్చే అమ్మాయిల్లో దళిత, వెనకబడిన కులాల వాళ్ళే ఎక్కువ. వైకల్యం అందర్నీ ఒక్క గదిలోకి తెస్తుందేమో గానీ కులం గీసిన గీతల్ని చెరపదు.

పెనుకొండకీ ధర్మవరానికీ మధ్య చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో పుట్టిన టింబక్టు కలెక్టివ్ వికలాంగులతో చేసే తన పనికి ‘మిళిత’ అని పేరు పెట్టుకుంది. చేనేత, కుట్టు పని కూడా ఆ సంస్థలో విడిగా సాగాయి. ‘మిళిత’ మంచి తెలుగు మాట. ఈమధ్య సెమినార్లలో మనం ‘సమ్మిళితం’ అని నోరు నిండా అంటున్నాం. వికలాంగులు, విభిన్న ప్రతిభావంతులు, దివ్యాంగులు అంటూ ప్రభుత్వాలు పేర్లు మారుస్తూ పోతున్నాయి. సంఘాల్లో ఉన్న ఆడవాళ్ళు మాత్రం ఎక్కువగా ‘వికలాంగుల సంఘం’ అనే అంటారు. దివ్యత్వం మీద వాళ్ళకి పెద్ద ఆసక్తి ఉన్నట్టు నాకు కనిపించలేదు. తనకూ పోలియో ఉన్న ఢిల్లీ స్త్రీవాది అనితా ఘాయ్, 2024లో చనిపోయేదాకా, వికలాంగ స్త్రీ మన స్త్రీవాదంలో కూడా కనిపించడం లేదని రాస్తూనే వచ్చింది. మనం ఆమెని చదవాల్సినంత చదవలేదు.

జపాన్‌లో మిసావో జో అనే ఆవిడ యాభై దాటాక మగ్గం ముందు కూర్చుంది. మొదట నేసిన గుడ్డలో ఒక పడుగు పోగు తప్పింది. అది లోపం అన్నవాళ్ళతో కాదు, అందం అంది. ఆ పట్టుదల నించే ‘సావోరి’ నేత పుట్టింది, అందులో తప్పు అనేదే లేదు. వికలాంగులు, ముసలివాళ్ళు, పిల్లలు ప్రపంచమంతా దాన్ని నేస్తున్నారు. 2018లో ఆమె చనిపోయేనాటికి నూట నాలుగేళ్ళు. ఈ సంగతి అచ్చులతికే ఆమెకి చెప్పాను. శ్రద్ధగా విన్నది. “ఈడ ఒక పోగు తప్పితే సావుకారి కూలీ కట్ చేస్తాడు,” అంది. కళ అనేదానికి ముందు తిండి భద్రత ఉండాలని సావోరి గురించి రాసేవాళ్ళు సాధారణంగా చెప్పరు. కళగా నేయడం, బతుకుదెరువుగా నేయడం రెండూ ఒకటి కావు. మొదటిదాన్ని ఎత్తుకొచ్చి రెండోదాని మీద పెడితే పోగు నిలవదు.

2019 డిసెంబరు ఈ ప్రాంతానికి విచిత్రమైన నెల. 5వ తారీకున ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీకి ముఖ్యమంత్రి ప్రారంభోత్సవం చేశారు. ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం. 21న అదే ముఖ్యమంత్రి ధర్మవరంలో ‘నేతన్న నేస్తం’ ప్రారంభించారు. సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు. ఎర్రమంచి రోడ్డు మీద నేత కుటుంబాల కుర్రవాళ్ళు యూనిఫారాల్లో బస్సులెక్కడం నేను చూశాను. అన్నలు మగ్గం వదిలి వెళ్తే అచ్చులతికే చెల్లెలి పని కూడా పోతుంది. ఆమెకి బస్సు లేదు. ‘సొంత మగ్గం’ అన్న షరతులోనూ ఆమె లేదు, మగ్గం అన్నది కాబట్టి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది, జూలై నించి నేతవాళ్ళ పింఛను 4,000, వికలాంగులది 6,000 అయింది. ఆ పెంపు నిజంగా పెద్దది, ఇళ్ళల్లో ఆమె మాట చెల్లుబాటవడం దానివల్ల కొంత పెరిగింది. కానీ మనిషికి ఒకటే పింఛను. వికలాంగురాలివా, నేతగత్తెవా, తేల్చుకోమంటుంది కాగితం. డబ్బు ఎక్కువున్న గడి ఎంచుకుంటారు, ఎవరైనా. దాంతో ప్రభుత్వ రికార్డులో ఆమె పనిమనిషిగా కాకుండా శాతంగా మిగులుతుంది. ఆ శాతం కూడా సదరం శిబిరంలో డాక్టరు చెప్పాలి. మగ్గం అరగదీసిన మోకాలు ఆ లెక్కలోకి రావడం కష్టం.

వికలాంగుల హక్కుల చట్టం 2016 లోని 29వ సెక్షన్‌లో ఎవరూ పట్టించుకోని ఒక మాటుంది. వికలాంగుల చారిత్రక అనుభవాల్ని నమోదు చేసే ఒక మ్యూజియం పెట్టాలట. మన ప్రాంతంలో అలాంటిది వస్తే అందులో ఏం పెడతారని ఆలోచించాను. ఊతకర్రలు, మూడు చక్రాల బండ్లు పెడతారు. అతికిన పోగుని పెట్టలేరు. సరిగ్గా అతికితే అది కనిపించదు.

చివరిసారి వెళ్ళినప్పుడు ఆమె తన కాగితాల కవరు తీసి చూపించింది. సదరం సర్టిఫికెట్, ఆధార్, రేషన్ కార్డు నకలు. అన్న చేనేత గుర్తింపు కార్డు కూడా అందులోనే ఉంది, ఇంట్లో కాగితాలు భద్రంగా దాచేది ఆమే కాబట్టి. చేనేత గణనవాళ్ళు వచ్చినప్పుడు నిన్ను అడిగారా అన్నాను.

“అన్నను అడిగి రాసుకోని పోయిరి. నేను లోపల అతుకుతాంటి,” అంది.