జబ్బు ఆమె స్వభావమా?

శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే సొంత కీళ్ళమీద దాడి చేసే జబ్బు రుమటాయిడ్ ఆర్థరైటిస్. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. ఎందుకన్న ప్రశ్నకి ఒకప్పుడు వైద్యం ఇచ్చిన జవాబుల్లో ఒకటి: వాళ్ళ స్వభావం.

1950లో షికాగో మనోవిశ్లేషకుడు ఫ్రాంజ్ అలెగ్జాండర్ తన గ్రంథంలో ఈ రోగులైన స్త్రీల చిత్రం గీశాడు. వీళ్ళు స్త్రీ పాత్రని నిరాకరిస్తారట. మగవాళ్ళతో పోటీ పడతారట. అణచుకున్న కోపాన్ని ఇంటి చాకిరీలో, ఇతరుల సేవలో తీర్చుకుంటారట. అంటే ఎదురుతిరిగినా రోగలక్షణమే, చాకిరీ చేసినా రోగలక్షణమే! ఆ కోపానికి మూలం ఎవరయ్యా అంటే, పెత్తనం చేసే తల్లి.

అప్పటికే మరో దారి తెరుచుకుంది. 1948లో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కార్టిసోన్ ఇచ్చిన ఒక యువతి కొద్దిరోజుల్లోనే లేచి నడిచింది. ఒత్తిడి సమయంలో మన అడ్రినల్ గ్రంథులు విడుదల చేసే కార్టిసాల్‌కి అది దగ్గరి చుట్టం. వాపుని అదుపులో పెట్టేది అదే.

1982లో రాబర్ట్ ఏడర్, నికొలస్ కోహెన్ లూపస్ వచ్చే ఆడ ఎలుకలకి తీపినీళ్ళతో కలిపి మందిచ్చారు. తర్వాత మందు బాగా తగ్గించి, తీపినీళ్ళు కొనసాగించినా జబ్బు ఆలస్యంగా ముదిరింది. మెదడు నేర్చుకున్నది రోగనిరోధక కణాలకీ చేరుతోందన్నమాట. 1989లో ఎస్తర్ స్టెర్న్‌బర్గ్ బృందం, కీళ్ళవాపుకి తేలిగ్గా లోనయ్యే ఎలుకల్లో మెదడు నుంచి అడ్రినల్‌కి వెళ్ళే సంకేతమే బలహీనంగా ఉందని చూపించింది. ఇప్పుడు మాట్లాడుతున్నది గుణగణాల గురించి కాదు, హార్మోన్ల గురించి.

ఆ తర్వాత పరిశోధకుల చూపు జీవితాల మీదికి మళ్ళింది. అమెరికా నర్సులమీద 2017లో వచ్చిన అధ్యయనంలో, తీవ్రమైన ఆఘాతం తాలూకు మానసిక లక్షణాలున్న స్త్రీలకి లూపస్ ముప్పు దాదాపు మూడురెట్లు కనిపించింది. 2018లో స్వీడన్ రికార్డులూ ఒత్తిడి రుగ్మతలకీ ఆటోఇమ్యూన్ జబ్బులకీ ఇలాంటి సంబంధాన్నే చూపాయి. ఒత్తిడి ఒక్కటే కారణమని ఇవి చెప్పవు. జన్యువులున్నాయి, హార్మోన్లున్నాయి, పొగాకు ఉంది.

అయినా అలెగ్జాండర్ నీడ పూర్తిగా పోలేదు. “టెన్షన్ పెట్టుకోకమ్మా” అన్న సలహాలో అది ఇంకా వినిపిస్తుంది. టెన్షన్ ఆమె పెట్టుకున్నదా, ఆమె మీద పెట్టినదా? ఆ బరువు దించే బాధ్యత ఎవరిదో చెప్పకుండా చేసే వైద్యం సగం వైద్యమే.