తెప్ప నుంచి రాడార్ దాకా: విశాఖ తీరనిఘాలో మత్స్యకారుల స్థానం

తీరరక్షణ చరిత్రను నౌకాదళ చరిత్రగా రాయడం పరిపాటి. యుద్ధనౌకలు, రాడార్లు, సేనానుల పేర్లు అందులో నిండుగా ఉంటాయి. సముద్రాన్ని అనుదినం కనిపెట్టి ఉండే జాలారులు, వాడబలిజలు మాత్రం అరుదుగా కనిపిస్తారు. నిఘావ్యవస్థల ఏకీకరణలో అసలు చిక్కు యంత్రానికీ యంత్రానికీ మధ్య కాక, యంత్రానికీ చిన్న పడవకూ మధ్య ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బనగానపల్లె, నంద్యాల ప్రాంతాల నుంచి సముద్రం చేరాలంటే నల్లమల దాటాలి. అందువల్ల సీమ పరిశోధకులకు ఇది దూరపు విషయంగా తోచవచ్చు. కానీ రేవు మూతపడితే ఆ నష్టం లోతట్టుకూ పాకుతుంది.

విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. తొమ్మిదేళ్లు నిండకముందే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానవాహక నౌక ‘ర్యూజో’ నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. అదే రోజుల్లో అడ్మిరల్ ఒజావా దళం బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వాణిజ్యనౌకలను ముంచింది. రేవు నిర్మాణంపై చూపిన శ్రద్ధ దాని కాపుదలపై చూపలేదన్నది ఆ దాడి వెల్లడించిన సత్యం.

1968లో తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది. మూడేళ్లకే దానికి పరీక్ష ఎదురైంది. విమానవాహక నౌక ‘విక్రాంత్’ను వేటాడడానికి పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ 1971 నవంబరులో కరాచీ విడిచి బంగాళాఖాతంలోకి వచ్చింది. వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, పాత నౌక ‘రాజ్‌పుత్’ చేత విక్రాంత్ పేరిట రేడియో సంకేతాలు పంపించాడు. డిసెంబరు 3-4 రాత్రి ఘాజీ విశాఖ సమీపంలో పేలి మునిగింది. రాజ్‌పుత్ వదిలిన జలాంతర పేలుడు గుండ్ల వల్లనా, జలాంతర్గామిలోనే జరిగిన పేలుడు వల్లనా అన్న వివాదం నేటికీ తెగలేదు. ఆ వివాదం కంటే మన అంశానికి ముఖ్యమైనది వేరొకటి. నీటిపై తేలిన శకలాలను చూసి నౌకాదళానికి తెలిపినవారు స్థానిక మత్స్యకారులు. ఆ సమాచారం ఏ సాధనం ద్వారానూ రాలేదు. వేటకు వెళ్లిన పడవల ద్వారా వచ్చింది.

2008 నవంబరు 26 నాటి ముంబయి దాడి ఇదే సంబంధపు రెండో ముఖాన్ని చూపింది. ఉగ్రవాదులు ‘కుబేర్’ అనే చేపల పడవను పట్టుకుని, అందులోని వారిని చంపి, దానిపైనే ముంబయి దాపుకు వచ్చారు. ఒడ్డున దిగినవారిని మొదట గమనించి ప్రశ్నించినవారూ మత్స్యకారులే. అంటే చేపల పడవ శత్రువుకు ముసుగైంది. మత్స్యకారుడి చూపు మాత్రం తొలి హెచ్చరిక ఇచ్చింది. ఆ హెచ్చరికను అందుకుని వెంటనే కదిలే యంత్రాంగం లేకపోయింది.

ఆ తరువాత మార్పులు త్వరితంగా వచ్చాయి. 2009లో సముద్ర భద్రత మొత్తం బాధ్యత నౌకాదళానికి అప్పగించారు. విశాఖతో సహా నాలుగు చోట్ల సంయుక్త కార్యకలాపాల కేంద్రాలు ఏర్పడ్డాయి. తీరం వెంట 46 చోట్ల రాడార్లు, కెమెరాలు అమర్చారు. 2014 నవంబరులో గురుగ్రామ్‌లో ప్రారంభమైన సమాచార విశ్లేషణ కేంద్రం నౌకాదళ, తీరరక్షక దళాల 51 కేంద్రాలను ఒక్క తెరపైకి తెచ్చింది. చాలాకాలంగా 974 కిలోమీటర్లుగా లెక్కిస్తూ వచ్చిన ఆంధ్ర తీరానికి తొలి దశలో 6, మలి దశలో 15 మెరైన్ పోలీసు స్టేషన్లు మంజూరయ్యాయి.

ఇంత అల్లిక తరువాతా ఒక ఖాళీ మిగిలింది. పెద్ద నౌకలు తమ ఉనికిని తామే ప్రకటించే పరికరాన్ని తప్పనిసరిగా మోయాలి. 20 మీటర్లలోపు చేపల పడవలకు ఆ నిబంధన లేదు. కర్ర పడవా, ఫైబర్ తెప్పా రాడార్‌కు సరిగా చిక్కవు. ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లను లక్ష చేపల పడవలకు అమర్చే పథకం 2024లో ఆరంభమైంది. తుపాను హెచ్చరిక పంపడం, ఆపదలో ఉన్నవారి సందేశం అందుకోవడం దాని ప్రయోజనాలు. మత్స్యకారుడు దాన్ని తన ప్రాణరక్షణ సాధనంగా చూస్తే ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతాడు. తనపై పెట్టిన కాపలాగా భావిస్తే ఆపేస్తాడు.