బస్సు దిగిన పిమ్మట

చరిత్ర యనగానే మనకు గ్రంథాలయములును, ప్రదర్శనశాలలును స్ఫురించును. ఏలూరు బస్సుస్టాండులో పల్లెవెలుగు బస్సెక్కినవానికి కూడ చరిత్ర దొరకునని చెప్పుటకే మేమీ ప్రసంగమునకు పూనుకొంటిమి. అయితే ఒక నియమ మున్నది. బస్సు మనలను చరిత్ర దాపున దింపి పోవునే కాని, దాని గుమ్మము వరకు తీసికొని పోదు. మిగిలిన దూరము నడువవలసినదే. ఆ మిగిలిన దూరములోనే అసలు సంగతి యున్నదని మా నమ్మకము.

జర్మనీలో ఇట్టి నడక ఒక వ్యసనము వంటిది. ఆ దేశపు నైరృతి మూలనున్న 'నల్ల అడవి' కొండలలో నడకప్రియుల సంఘ మొకటి 1864లోనే వెలసినది. ఆ సంఘమువారు 1900లో ఫోర్ట్స్‌హైమ్ పట్టణమునుండి బాజెల్ వరకు కొండల మీదుగా కాలిబాట నేర్పరచి, దారి పొడవునను గురుతు లుంచిరి. మరుసటి యేడు బెర్లిన్ దాపున విద్యార్థులు 'వాండర్‌ఫోగెల్' అను సంఘమును స్థాపించిరి. సంచారపక్షి యని దాని అర్థము. మన సీమలో అట్టి గురుతులు లేవు. పుంతలున్నవి, కాలువగట్లున్నవి, "ఆ తాడిచెట్టు దాటి కుడిచేతివైపు మళ్లండి" అని చెప్పు మనుష్యులున్నారు. మాకు దారి తప్పిన సందర్భములు తక్కువ.

కాలువగట్టుతోనే మొదలు పెట్టుదము. ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను ముగిసినవి. ఏలూరు కాలువ ఆ రెండు నదుల నీటిత్రోవలను ఒకటిగా కలిపినది. పడవ యెక్కినవాడు కాకినాడనుండి బకింగుహాము కాలువ మీదుగా మద్రాసు దాక పోగలిగెడివాడు. గాలి చాలనప్పుడు పడవకు త్రాడు గట్టి, గట్టుమీద నడచుచు మనుష్యులు లాగెడివారు. కనుక తాడేపల్లిగూడెము దాపున కాలువగట్టు నేడు మనకు విహారపు బాటయే గాని, ఒకప్పుడు పడవలాగరుల పొట్టకూటి బాట. 1893లో బెజవాడ, రాజమహేంద్రవరముల నడుమ రైలు నడచుటతో పడవ వెనుకబడినది. లారీ వచ్చి దానిని మరపించినది. బస్సుల కథ వేరు. నిజాము రాజ్యమున 1932లో 27 బస్సులతో ఆరంభమైన ప్రభుత్వ రవాణాశాఖయే, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా రూపొందినది. 2025 ఆగస్టు 15 నుండి ఆ సంస్థవారి పల్లెబస్సులలో స్త్రీలకు టిక్కెట్టు ఖర్చు కూడ లేదు. ఇంటిల్లిపాదియు బయలుదేరుటకు ఇంతకన్న అనువైన కాలము లేదు.

ఏలూరికి ఉత్తరమున సుమారు 12 కిలోమీటర్లలో పెదవేగి యున్నది. బస్సు దిగి నలువైపుల చూచినవానికి కొబ్బరి, మొక్కజొన్న, పామాయిలు తోటలు తప్ప రాజధాని కనబడదు. కాని వేంగి యిదియే. క్రీస్తు తరువాత 4, 5 శతాబ్దులలో శాలంకాయనులు ఇచటనుండి పాలించిరి. తామ్రశాసనములలో తమను చిత్రరథస్వామి పాదభక్తులుగా చెప్పుకొనిరి. అలహాబాదు స్తంభముపై సముద్రగుప్తుడు పేర్కొన్న వేంగి హస్తివర్మ ఆ వంశమువాడే. 7వ శతాబ్దమున కుబ్జవిష్ణువర్ధనునితో చాళుక్యులు వచ్చిరి. ఆ శతాబ్దముననే చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు ఆంధ్రదేశమునకు వచ్చి, రాజధానికి అనతిదూరమున ఒంటికొండ యొకటి యున్నదనియు, దిఙ్నాగుడు తన తర్కశాస్త్రమును అచట రచించెననియు వ్రాసినాడు. 1980ల దశకమున పురావస్తుశాఖవారు పెదవేగి దిబ్బలను త్రవ్వి, పాత ఇటుక కట్టడములను వెలికి తీసిరి. ఊరి పుంతలలో నడచునప్పుడు పాదమునకు తగులు పెంకుముక్కను తన్నివేయక ఒకసారి వంగి చూచుట మంచిది. తీసికొని మాత్రము పోరాదు.

గుంటుపల్లికి ఇంకను పైకి, కామవరపుకోట దిక్కునకు పోవలెను. జీలకర్రగూడెము చేరి, కొండ మెట్లెక్కవలెను. సుమారు క్రీస్తుకు పూర్వము 2వ శతాబ్దమునుండి బౌద్ధభిక్షువులు నివసించిన చోటిది. గుహావిహారములు, ఇటుక చైత్యము, వరుసలుగా చిన్న చిన్న స్తూపములు ఉన్నవి. కళింగ, మాహిషక దేశములకు అధిపతిగా చెప్పుకొన్న సిరిసదుడను రాజు యొక్క లేఖకుడు మండపము కట్టించెనని తెలుపు శాసనమిచట దొరకినది. రాజు గాక, రాజు కొలువులోని వ్రాయసగాడు దాత యగుట మాకు మిక్కిలి నచ్చినది.

వీటన్నిటికన్న మేము ఎక్కువసేపు నిలిచిపోయినది వర్తులాకారమైన చిన్న చైత్యగుహ వద్ద. రాతిని తొలిచి గుండ్రని గది చేసి, నడుమ స్తూపమును నిలిపిరి. తల యెత్తి చూచినచో పైకప్పున వాసములు, అడ్డకర్రలు రాతిలోనే చెక్కబడి యున్నవి. రాతికి వాసములతో పనిలేదు. అయినను ఆ శిల్పి కర్రయింటిని మరువలేకపోయినాడు. మన తీరమున జాలరులు కట్టుకొను చుట్టిల్లు నెరిగినవారికి ఆ కప్పు క్రొత్తగా తోచదు. బీహారులోని బరాబరు కొండలలో, అశోకుని నాటి సుదామ గుహయందును ఇట్టి గుండ్రని గదియే యున్నది.

బౌద్ధము ఈ కొండను విడిచి ఎన్నో శతాబ్దులైనది. మరి ఆ స్తూప మెట్లు మిగిలినది? చుట్టుప్రక్కల పల్లెలవారు దానిని ధర్మలింగేశ్వరుడని పిలిచి పూజించిరి. పండితుడు దీనిని పొరపాటనవచ్చును. ఆ పేరే ఆ రాతికి కావలి యైనదని మేమందుము. పూజ లేని ఎన్ని స్తూపముల ఇటుకలు మన సీమలో ఇండ్ల గోడలకును, రోడ్లకును పోలేదు!

ఇక దక్షిణమునకు మరలుదము. ఏలూరినుండి కైకలూరు పోవు రోడ్డు కొల్లేటి మధ్యగానే సాగును. వరదకాలమున పెదఎడ్లగాడి వద్ద నీరు పొంగి దారి యాగుటయు కలదు. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పల్లమిది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిన నీటిని ఉప్పుటేరు సముద్రమునకు చేర్చును. 634వ సంవత్సరపు ఐహోళె శాసనమున పులకేశి యుద్ధమునకు ఎఱుపెక్కినదని చెప్పబడిన కునాల జలము ఈ సరస్సే యని పండితు లూహించిరి. దండి దశకుమారచరిత్రమున ఆంధ్రనగరపు మహాసరస్సు వర్ణన యున్నది. అదియు కొల్లేరే యని కొందరందురు. ఆ కథ చెప్పు మంత్రగుప్తుని పెదవి గాయపడినందున, కవి ఆ ప్రకరణమంతయు ఓష్ఠ్యాక్షరములు లేకుండ నడపినాడు. కొల్లేటి పేరులో ఓష్ఠ్య హల్లు లేకపోవుట ఆయన యదృష్టము!

కైకలూరు, ఆకివీడు మార్గమున ఆలపాడు వద్ద బస్సు దిగినవారు కొల్లేటికోటకు పోవచ్చును. దారి దూరమైనది, గట్లవెంట పోవునది. అచట పెద్దింట్లమ్మ గుడి, ఫాల్గుణమున జాతర. ఆ కోట గజపతులదనియు, ముట్టడించిన శత్రువు సరస్సును ఎండగట్టుటకై ఉప్పుటేటిని త్రవ్వించెననియు, కోటలోని సేనాని జయమునకై కన్నకూతురిని బలి యిచ్చెననియు ఐతిహ్యము. ఆమె పేరనే పేరంటాల కనుమ యని ఆ కాలువను పిలిచిరి. కథ నిజమో కాదో గాని, కొల్లేటిని గెలువవలెనన్న దాని నీరు తీయవలెనను ఆలోచన మాత్రము కడు పాతది.

ఆ ఆలోచనయే 1970ల నుండి చేపల చెరువుల రూపమున మరల వచ్చినది. సరస్సు గర్భమున గట్లు లేచినవి. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్సార్ ఒప్పందపు పట్టికలో కొల్లేరు చేరినది. 2006లో అక్రమపు గట్లను పగులగొట్టిరి. చెరువుల మీద బ్రతుకు పెట్టుకొన్న లంకగ్రామములవారి కష్టము తేలికైనది కాదు. గట్టుమీద నడచువాడు ఒకవైపు చెరువును, ఒకవైపు తూటికాడను చూచుచు, ఇరుపక్షముల మాటయు వినవలసి యుండును.

కొల్లేటి గూడబాతుల కథ తాడేపల్లిగూడెపు దిగువ పల్లెలది. పొలమునకు నీరు తోడు గూడను బోలిన సంచి ముక్కు క్రింద నుండుటచే ఆ పక్షికి ఆ పేరు. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు ఆరేడు గ్రామ ప్రాంతమున తాటిచెట్ల తలలపై వేలకొలది గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచుచుండుటను చూచి, 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో ప్రకటించెను. ఇందుచూడన్ అను కలము పేరుతో కేరళ పక్షులపై మలయాళమున ప్రసిద్ధ గ్రంథమును వ్రాసినది ఆయనయే. అన్ని పక్షుల రొదను, చేపకంపును, రెట్టను ఊరివారు ఓర్వకున్నచో ఆ కాలనీ ఒక యేడైనను నిలిచెడిది కాదు. 1978లో అదే పత్రికలో మరియొక వ్యాసము వచ్చినది. దాని శీర్షికయే పోయిన పక్షికేంద్రమని. తాళ్లు ఖాళీ యైనవి.

గూడబాతులు కొల్లేటిని పూర్తిగా విడువలేదు. కైకలూరు బస్సుస్టాండు దాపుననే ఆటపాక చెరువున్నది. అటవీశాఖవారు నీటిలో ఇనుప మంచెలు పాతి, గూళ్లు కట్టుకొనుటకు వీలు కల్పించినారు. తాటిమట్టకు బదులు ఇనుపచట్రముపై పుల్లలు పేర్చి పక్షులు పిల్లలను సాకుచున్నవి. చెరువు గట్టుపై మాటలు తగ్గించి నడచినచో ఎఱ్ఱకాళ్ల కొంగలును కనబడును. నవంబరునుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలము. ప్రొద్దు వాలువేళ మేతకు పోయిన పక్షులు వరుసలుగా తిరిగి వచ్చును. ఆ దృశ్యము చూడక కదలబుద్ధి కాదు. కనుక ఏలూరికి చివరి బస్సు ఎప్పుడో దిగినప్పుడే కండక్టరు నడిగి యుంచుకొనుడు.