పెద్దపల్లి అగ్నిశిలా స్మారకము

ఈ పెద్దపల్లి కర్ణాటకమున కోలారు బంగారుగనుల సీమలోనిది. కరీంనగరు ప్రాంతపు పెద్దపల్లి వేఱు. ఇచ్చటి ప్రాచీన అగ్నిపర్వతశిలలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగ ప్రకటించినది. సందర్శకుడు వంగి పరికించినచో, నల్లని శిలాద్రవ్యమున చిన్నవియు పెద్దవియునగు గ్రానైటు తునకలు పొదిగియుండుట స్పష్టముగ కానవచ్చును. అగ్నిపర్వత విస్ఫోటనవేగమును ఇంతగా కన్నులకు కట్టించు శిలలు అరుదు. ఈ శిలలున్న సీమకు బంగారుగనుల చరిత్రయు కలదు. న్యూజిలాండు యుద్ధమునుండి మరలివచ్చిన లావెల్ అను సైనికుడు 1871లో ఈ సీమయందు స్వర్ణాన్వేషణకు పూనుకొనగా, 1880లో జాన్ టేలర్ సంస్థ గనుల త్రవ్వకమున ప్రవేశించిన పిమ్మట, ఉత్తరార్కాటునుండి తెలుగు, తమిళ శ్రామికులు కుటుంబములతో తరలివచ్చి, కాలక్రమమున మూడు కిలోమీటర్లకు మించిన లోతువఱకు త్రవ్విరి. గనిచరిత్రలో ప్రథమముగ స్మరింపవలసినవారు ఈ శ్రామికులే. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ నడిపిన ఈ గనులు మూతపడినవి.