పొగగొట్టం బాధ్యత ఎవరిది? హైదరాబాద్ పొగరాని పొయ్యి నుండి గ్యాస్ ఫర్నేస్ వరకు

వ్యాస సంగ్రహం: ఇంట్లో నిప్పు ఉన్నచోట పొగకు బయటి దారి ఉండాలి. ఆ దారిని ఏర్పరచడం ఎంత ముఖ్యమో, తరువాత దానిని ఎవరు పరిరక్షించాలో నిర్ణయించడం కూడా అంతే ముఖ్యం. పొగరాని పొయ్యి చరిత్రను, గ్యాస్ ఫర్నేస్ ఏర్పాటును పోల్చి ఈ విషయాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పొగరాని పొయ్యి, పొగగొట్టం, వంటిల్లు, గ్యాస్ ఫర్నేస్, కార్బన్ మోనాక్సైడ్.

1. ఉపోద్ఘాతం:
పొగచూరిన దూలాలు, మసిబారిన గోడలు, ఊదుగొట్టం, కళ్లు తుడుచుకునే కొంగు: ఇవి కట్టెపొయ్యి ఉన్న తెలుగు వంటింటి ఆనవాళ్లు. ఆ వంటింట్లో పొగకు ప్రత్యేకమైన దారి ఉండేది కాదు. పెంకుల సందుల నుండి, కప్పు గడ్డి నుండి అది మెల్లగా వెలుపలికి పోయేది. ఈలోగా దానిని పీల్చేది వంటచేసే స్త్రీ. కిర్క్ స్మిత్ బృందం గుజరాత్ గ్రామాలలో వంటచేసే స్త్రీలు పీల్చే పొగను కొలిచి, 1983లో ఫలితాలను ప్రచురించింది. ఇంటిలోపలి వాయుకాలుష్యం వలన 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాబట్టి పొగగొట్టం చరిత్ర కేవలం సాంకేతిక చరిత్ర కాదు, స్త్రీల ఆరోగ్య చరిత్ర కూడా.

2. హైదరాబాద్ ప్రయోగం:
వార్ధాలో రూపొందిన 'మగన్ చుల్హా' 1947 నాటికి ప్రచారంలోకి వచ్చింది. 1950ల తొలినాళ్లలో హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు మరొక నమూనాను రూపొందించారు. మట్టితో కట్టిన ఈ పొయ్యిలో ఒకే మంట వేడి అనేక పాత్రలకు అందుతుంది, పొగ గొట్టం ద్వారా పైకి పోతుంది. ఈ విషయమై ఆయన రచించిన గ్రంథం పేరు 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్'. పేరులో 'పొయ్యి' కాక 'వంటిల్లు' ఉండడం గమనార్హం. లక్ష్యం మంటను మెరుగుపరచడం మాత్రమే కాదు, గదిలోని గాలిని శుభ్రపరచడం.

పొగగొట్టం పనిచేసే సూత్రం సరళమైనదే. వేడివాయువు చల్లని గాలికన్నా తేలిక కాబట్టి పైకి లేస్తుంది, ఆ లాగుడుకు పొయ్యిలోకి కొత్త గాలి చేరుతుంది. గొట్టంలో మసి పేరుకుంటే లాగుడు తగ్గి, పొగ తిరిగి గదిలోకే వస్తుంది. అంటే గొట్టాన్ని శుభ్రం చేయడం పొయ్యి నిర్మాణానికి అనుబంధం కాదు, అందులో భాగమే.

3. జాతీయ కార్యక్రమం, దాని పరిమితి:
1983లో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం 2002లో ముగిసేనాటికి దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు ఏర్పాటయ్యాయి. అక్కడ లెక్కకు వచ్చింది ప్రధానంగా కట్టిన పొయ్యిల సంఖ్య. కట్టినవారు వెళ్లిపోయాక గొట్టం పగిలినా, మసి నిండినా ఆ భారం గృహిణిదే. ఇంటికప్పు ఎక్కి గొట్టం తుడవడం ఆమెకు సులభమైన పని కాదు. రేమా హన్నా, ఎస్తర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ ఒడిశాలో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనం ఈ లోపాన్నే చూపింది. మెరుగైన పొయ్యి వలన మొదటి ఏడాది పీల్చే పొగ తగ్గింది. తరువాత వాడకం, నిర్వహణ సన్నగిల్లడంతో ఆ ప్రయోజనం నిలవలేదు.

4. కనిపించని పొగ:
ఆంధ్రప్రదేశ్‌లో 1999 నాటి 'దీపం' పథకం, 2016లో కేంద్రం ప్రారంభించిన ఉజ్జ్వల పథకం అనేక వంటిళ్లకు గ్యాస్‌ను తెచ్చాయి. మసి తగ్గింది. అయితే గాలి చాలక గ్యాస్ సరిగా మండనప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. కట్టెల పొగ కళ్లను మండించి హెచ్చరిస్తుంది, ఇది హెచ్చరించదు.

గ్యాస్‌తో ఇంటిని వేడిచేసే ఫర్నేస్‌లు విస్తృతంగా ఉన్న ఉత్తర అమెరికాలో ఈ కారణంగానే వాయువు బయటికి పోయే దారికి లిఖిత నియమాలు ఏర్పడ్డాయి. సహజమైన లాగుడుతో పనిచేసే ఫర్నేస్ నుండి పొగగూటికి పోయే గొట్టం అడుగుకు కనీసం పావు అంగుళం చొప్పున పైకి వాలి ఉండాలి. వాయువులోని ఆవిరిని నీరుగా మార్చి వేడిని రాబట్టుకునే కొత్తరకం ఫర్నేస్‌లలో గొట్టం ఫర్నేస్ వైపే వాలి ఉండాలి, లేకపోతే నీరు నిలిచి దారి మూసుకుపోతుంది. పాత ఫర్నేస్‌ను తీసివేసినప్పుడు, పెద్ద పొగగూటిని చిన్న వాటర్ హీటర్ ఒక్కటే వాడుకుంటుంటే ఆ లాగుడు చాలుతుందో లేదో మళ్లీ లెక్కించాలి. చాలాచోట్ల ఈ పనికి ముందుగా అనుమతి, తరువాత అధికారి తనిఖీ అవసరం. ఆ తనిఖీ గొట్టం బిగించినవారిని జవాబుదారీగా చేస్తుంది.

5. ముగింపు:
హైదరాబాద్ పొయ్యికి, ఫర్నేస్‌కు ఆధారమైన భౌతికసూత్రం ఒకటే. భేదం బాధ్యతను పంచిన తీరులో ఉంది. ఫర్నేస్ విషయంలో బిగించేవారికి, తనిఖీ చేసేవారికి నిర్దిష్టమైన పాత్రలున్నాయి. పొగరాని పొయ్యి విషయంలో మాత్రం నిర్వహణ మొత్తం గృహిణి మీదనే మిగిలిపోయింది. నేడు మన పట్టణాలలో కిటికీ మూసిన స్నానాలగదుల్లో గ్యాస్ గీజర్లు బిగిస్తున్నారు. అటువంటి గదులలో కార్బన్ మోనాక్సైడ్ వలన మరణాలూ సంభవిస్తున్నాయి. గీజర్‌ను కొనడంతో పాటు దాని వాయువు బయటికి పోయే దారిని ఎవరు చూస్తారన్న ప్రశ్న కూడా వేసుకోవాలని పొగరాని పొయ్యి చరిత్ర బోధిస్తుంది.